ముక్కూ మొహం తెలియని వారి ముందు బ్లఫ్ చేయవచ్చా?

పోకర్‌లో బ్లఫ్ చేయడం గురించి, అంటే చేతిలో మంచి ముక్కలు లేకుండానే ఉన్నట్టు పందెం పెట్టడం గురించి, నెల్లూరు నుంచి 32 ఏళ్ల పాఠకుడొకరు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు కనుక గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను. ఆయన కొన్నేళ్లు బెంగళూరులో ఉద్యోగం చేసి, తండ్రి ఆరోగ్యం కోసం ఊరికి తిరిగివచ్చి, ఇప్పుడు రొయ్యల మేత అమ్మే ఒక సంస్థలో లెక్కలు చూస్తున్నారు. బెంగళూరులో తోటి ఉద్యోగుల దగ్గర పోకర్ నేర్చుకున్నారు. ఇక్కడికి వచ్చాక నలుగురు స్నేహితులకు తానే నేర్పి, శనివారం రాత్రుళ్లు వారిలో ఒకరి ఇంట్లో ఆడుతున్నారు. చిన్న ఆటే. బ్లైండ్స్, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు, 5, 10 రూపాయలు. ఒక్కొక్కరు 1,000 రూపాయల చిప్స్‌తో కూర్చుంటారు, అవి పోతే మరొక్కసారి మాత్రమే తీసుకోవచ్చు. ఈ సంగతి భార్యకు తెలుసని, ఇంటి ఖర్చులకు దీనివల్ల ఇబ్బంది లేదని ఆయన ముందే స్పష్టం చేశారు.

ఇబ్బంది ఈమధ్య కొత్తవాళ్లు రావడంతో మొదలైంది. ఇంటాయన అన్నగారికి పరిచయస్థులైన వ్యాపారులు, రైతులు, ఒక రిటైరైన ఉపాధ్యాయుడు, కావలి నుంచో కందుకూరు నుంచో ఒంగోలు నుంచో పనిమీద నెల్లూరు వచ్చినప్పుడు ఆటలో కూర్చుంటున్నారు. వీళ్లు ఎలా ఆడతారో మన పాఠకుడికి తెలియదు. వాళ్లతో జరిగిన రెండు ఆటలు ఆయనను వదలడం లేదు.

మొదటి ఆటలో ఆయన చేతికి ఇస్పేటు ఆసు, ఇస్పేటు జాకీ వచ్చాయి. 40కి పెంచితే బ్లైండ్స్ ఇద్దరితో సహా ముగ్గురు కాల్ చేశారు, అంటే అంతే పెట్టి నిలిచారు, పాట్ (మధ్యలో పోగైన సొమ్ము) 160 అయింది. ఫ్లాప్‌లో, అంటే అందరికీ ఉమ్మడిగా బల్లమీద తెరిచే మొదటి మూడు ముక్కల్లో, ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు నాలుగు, ఆఠీను ఏడు పడ్డాయి. ఆయన 100 పెడితే ఇద్దరు వదిలేశారు, కందుకూరు నుంచి వచ్చిన పొగాకు రైతు నిలిచారు. టర్న్‌లో, అంటే నాలుగో ఉమ్మడి ముక్కగా, కళావరు రెండు పడింది. మన పాఠకుడు 200 పెట్టారు, రైతు మళ్లీ కాల్ చేశారు. రివర్‌లో, అంటే ఐదోదైన చివరి ముక్కగా, డైమను రాణి. ఫ్లష్ (ఒకే రంగు ఐదు ముక్కలు) పడలేదు కాబట్టి ఇక గెలిచే దారి ఇదొక్కటేనని 760 ఉన్న పాట్‌లోకి 500 పెట్టారు. ఆ రైతు ఎనిమిది, ఏడు చూపించి, అంటే ఒక్క ఏడుల జతతో, పాట్ తీసుకుని వెళ్లారు. "నువ్వేం పట్టుకున్నావో నాకెందుకు, నా దగ్గర జత ఉంది కదా" అన్నారట.

రెండో ఆటలో ఆ ఉపాధ్యాయుడితో చివరిదాకా నిలిచారు. స్ట్రెయిట్ (వరుసగా వచ్చే ఐదు ముక్కలు) కోసం చూస్తే రాలేదు, కానీ రివర్‌లో మూడో ఆఠీను పడింది. 180 పాట్‌లోకి 150 పెడితే ఆ పెద్దాయన చాలాసేపు ఆలోచించి రాజులు, ఎనిమిదులు రెండు జతలను తిప్పి చూపించి వదిలేశారు. మన పాఠకుడు గెలిచిన ఉత్సాహంలో తన ఖాళీ ముక్కలు బల్లమీద తిప్పి చూపించారు. "ఏం బాబూ, చేతిలో ఏమీ లేకుండానే నన్ను లేపేశావా" అని పెద్దాయన నవ్వినట్టే అన్నారు గానీ, మళ్లీ ఆటకు రాలేదు.

ఇప్పుడు మన పాఠకుడి బావగారు "తెలియని వాళ్ల మీద బ్లఫ్ చేయడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు, ముక్క పడితే ఆడు, లేకపోతే పడేయ్" అంటున్నారు. బెంగళూరు స్నేహితుడు "బ్లఫ్ లేకపోతే అది పోకరే కాదు, నిన్ను పుస్తకంలా చదివేస్తారు" అంటున్నాడు. ఇద్దరిలో ఎవరిది సరి, ఇంటికి వచ్చిన అతిథుల మీద ఇలా ఆడటం అసలు మర్యాదేనా అన్నది ఆయన ప్రశ్న.

మీరు రెండు ప్రశ్నలు కలిపి అడిగారు. ఎదుటివాడు ఎవరో తెలియనప్పుడు బ్లఫ్ లాభమా నష్టమా అన్నది ఒకటి, తగునా తగదా అన్నది మరొకటి. మొదటిదానికి లెక్క ఉంది. రెండోదానికి లెక్క లేదు గానీ, మీ రెండో ఆటలోనే దానికి సమాధానం చాలావరకు కనిపిస్తోంది. లెక్కతోనే మొదలుపెడతాను.

చేతిలో ఏమీ లేకుండా పెట్టిన పందెం గిట్టుబాటు కావాలంటే ఎదుటివారు ఎన్నిసార్లు వదిలేయాలో తెలుసుకోవడం సులభం. మీరు పెట్టే మొత్తాన్ని, ఆ మొత్తమూ పాట్‌లో అప్పటికే ఉన్నదీ కలిపిన దానితో భాగించండి. పాట్‌లో సగం పెడితే మూడింట ఒకసారి వదిలేసినా చాలు. పాట్ అంత పెడితే రెండింట ఒకసారి వదిలేయాలి. పొగాకు రైతు మీద 760లోకి మీరు పెట్టిన 500 గిట్టాలంటే ఆయన వందలో 40 సార్లు వదిలేయాలి. ఉపాధ్యాయుడి మీద 180లోకి పెట్టిన 150 గిట్టాలంటే 45 సార్లు పైగా వదిలేయాలి. కాబట్టి "తెలియని మనిషి మీద బ్లఫ్ చేయవచ్చా" అన్న ప్రశ్న ఆట జరుగుతున్న క్షణంలో "ఈ మనిషి ఇప్పుడు ఈ పందేనికి అన్నిసార్లు వదిలేస్తాడని నమ్మడానికి నా దగ్గర ఆధారం ఏముంది" అన్న ప్రశ్నగా మారుతుంది. మొదటి ఆటలో ఆధారం లేదు సరికదా, అప్పటికి రెండుసార్లు ఆయన వదలకపోవడమే ఎదురు ఆధారంగా మీ కళ్లముందు ఉంది. రెండో ఆటలో ఉందని నా అభిప్రాయం. అది ఎందుకో చెబుతాను.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పోకర్ బల్ల దగ్గరికి కొత్తగా వచ్చే మనిషి పేకకు కొత్త కాడు. ఆయన ఇరవై ముప్పై ఏళ్లుగా ఏదో ఒక ఆట ఆడే ఉంటారు. ఎక్కువమంది రెండు దారుల్లో ఒకదానినుంచి వస్తారు: మూడు ముక్కలాట, లేదా పదమూడు ముక్కల రమ్మీ. ఈ రెండూ మనిషికి రెండు వేర్వేరు అలవాట్లు నేర్పుతాయి. మూడు ముక్కలాటలో ముక్కలు చూడకుండా బ్లైండ్ ఆడేవాడు చూసి ఆడేవాడు పెట్టేదానిలో సగమే పెడతాడు. అంటే తన చేతిలో ఏముందో తెలియని మనిషికే ఆట రాయితీ ఇస్తుంది. చివరికి ఇద్దరు మిగిలితే డబ్బు పెట్టి షో అడగడమే ముగింపు. ఆ ఆటలో పెరిగిన మనిషికి ప్యాక్ చేయడం, అంటే ముక్కలు పడేసి తప్పుకోవడం, వెనక్కి తగ్గడమే, షో అడగడం అంటే మగతనం. అలాంటి మనిషి పోకర్‌లో కాల్ చేస్తున్నప్పుడు తన లెక్కలో షో అడుగుతున్నాడు. మీ రైతు అన్న మాటను ఈ వెలుగులో మళ్లీ చదవండి. ఆయన అమాయకంగా అనలేదు, తన ఆట పద్ధతినంతా ఒక్క వాక్యంలో మీకు చెప్పేశారు. మీ చేతిలో ఏముందని ఆయన ఊహించడం లేదు. బ్లఫ్ పనిచేయాలంటే ఎదుటివాడు ముందు ఆ ఊహ చేయాలి.

రమ్మీ మనిషి వేరు. పదమూడు ముక్కలు పంచగానే చూసుకుని, లాభం లేదనుకుంటే మొదటి డ్రాప్‌కు 20 పాయింట్లు ఇచ్చి తప్పుకోవడం, కొంత ఆడి తప్పుకుంటే 40, చివరిదాకా పట్టుకుని మునిగితే 80 అని ఆయనకు ఏళ్ల తరబడి అలవాటు. చిన్న నష్టంతో బయటపడటం ఆయనకు అవమానం కాదు, లెక్క. అంతేకాక ఎదుటివాడు ఏ ముక్క ఎత్తుకున్నాడు, ఏది పారేశాడు అన్నదాన్నిబట్టి వాడి చేతిని ఊహించడం ఆయన ఆటలో భాగం. మీ ఉపాధ్యాయుడు రెండు జతలు పట్టుకుని చాలాసేపు ఆలోచించి వదిలేశారంటే ఆయన ఈ రెండో దారినుంచి వచ్చిన మనిషని నేను గట్టిగా అనుకుంటున్నాను. మూడో ఆఠీను పడింది, మీరు పెట్టారు, ఫ్లష్ అయి ఉండవచ్చు అని ఆయన మీ కథను చదివి నమ్మారు. నమ్మగలిగిన మనిషి మీద బ్లఫ్ చేశారు కనుక అది ఆటపరంగా తప్పు కాదు.

అందువల్ల పూర్తిగా తెలియని మనిషి అంటూ బల్ల దగ్గర అరుదు. భోజనాల దగ్గర "మీరు ఇంతకుముందు ఏ ఆట ఆడేవాళ్లు, క్లబ్బులో రమ్మీనా, పండక్కి మూడు ముక్కలా" అని మామూలుగా అడిగితే వాళ్లే సంతోషంగా చెబుతారు. ఇది మోసం చేసి రాబట్టిన సమాచారం కాదు, వాళ్లూ మిమ్మల్ని అడగవచ్చు. అయితే ఒక్క మాటతో మనిషిని తేల్చేయకండి. తర్వాత ఆటలో చూడవలసినవి ఉన్నాయి. ముక్కలు తిప్పినప్పుడల్లా, ఆ ఆటలో మీరు లేకపోయినా, ఎవరు ఏ ముక్కలతో ఎంతదూరం వచ్చారో గుర్తుపెట్టుకోండి. చివరి పందేనికి కనీసం ఒక్కసారి వదిలేసిన మనిషెవరు, ఒక్కసారి కూడా వదలని మనిషెవరు అన్నది మీకు కావలసిన అతి ముఖ్యమైన విషయం. మూడో ఆఠీను పడగానే తన ముక్కలు మళ్లీ ఎత్తి చూసుకునే మనిషి కనీసం బల్లమీద ఏం పడిందో చూస్తున్నాడు. ముఖంలో బెదురు, చేతిలో వణుకు, చూపు తిప్పుకోవడం వంటివాటిమీద కొత్తవారి విషయంలో ఆధారపడవద్దని నా సలహా. ఆ మనిషి మామూలుగా ఎలా ఉంటాడో తెలియకుండా, ఇప్పుడు తేడాగా ఉన్నాడని ఎలా అనగలం?

ఇంకొకటి, చిన్న ఆట అన్న సంగతే బ్లఫ్‌కు పెద్ద అడ్డంకి. మీకు 500 రూపాయలు ఆ రాత్రి బల్లమీదికి తెచ్చుకున్న సొమ్ములో సగం. పొగాకు వేలంలో బేళ్లు అమ్మి వచ్చిన రైతుకో, రొయ్యలు పట్టించి వచ్చిన వ్యాపారికో ఆ 500 మీ చేతిలో ఏముందో చూడటానికి ఇచ్చే టికెట్టు. చూద్దాం అన్న కుతూహలం ఖరీదు తక్కువైనప్పుడు ఎవరూ దాన్ని చంపుకోరు. అప్పటికే తొలి వెయ్యి పోగొట్టుకుని రెండోసారి చిప్స్ తీసుకున్న మనిషి, చేతిలో 150, 200 మాత్రమే మిగిలిన మనిషి, రాత్రి చాలా గడిచి ఒకటి రెండు గ్లాసులు తాగిన మనిషి కూడా వదలరు. వీళ్లు కొత్తవాళ్లయినా పాతవాళ్లయినా, వీళ్ల మీద ఖాళీ చేతితో డబ్బు పెట్టకండి.

ఇప్పుడు మీ మొదటి ఆటను కొంచెం వివరంగా విప్పుతాను, ఎందుకంటే అందులో మీరు చేసిన మూడు పందేలూ ఒకే రకం కావు, మీరు మూడింటినీ కలిపి "నా బ్లఫ్" అని రాశారు. ఫ్లాప్‌లో మీకు నాలుగు ఇస్పేట్లున్నాయి, ఇంకా తొమ్మిది ఇస్పేట్లు పేకలో ఉన్నాయి. రెండు ముక్కలు రావలసి ఉండగా ఫ్లష్ పడే అవకాశం సుమారు 35 శాతం. అది చేయి పూర్తికాని స్థితిలో, పూర్తయ్యే ఆశతో పెట్టే సగం బ్లఫ్. ముగ్గురూ వదిలేస్తే అప్పుడే గెలుపు, వదలకపోయినా మూడింట ఒకసారి ముక్క వచ్చి గెలుపు. తప్పేమీ లేదు. అయితే ముగ్గురూ ఒకేసారి తప్పుకుంటారని మాత్రం ఆశించకూడదు. ఒక్కొక్కరు పదింట ఆరుసార్లు వదిలేసే మనుషులే అనుకున్నా, ముగ్గురూ కలిసి వదిలేయడం వందలో 22 సార్లు మాత్రమే జరుగుతుంది. కొత్తవాళ్లు ఇద్దరు ముగ్గురు పాట్‌లో ఉండగా ఖాళీ చేతితో పెట్టవద్దని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఈ గుణకారమే. టర్న్‌లో పెట్టిన 200 అటూ ఇటూ వాదించదగ్గది. ఒక్క ముక్కే మిగిలింది కనుక ఫ్లష్ అవకాశం 20 శాతానికి పడిపోయింది, ఆసు పడితే జత అయి గెలిచే అవకాశం కొంత ఉంది. ఆయన ఒకసారి కాల్ చేసి ఉన్నారు కనుక నేనైతే చెక్ చేసి, అంటే పందెం పెట్టకుండా ఊరుకుని, ముక్కను ఉచితంగా చూసే ప్రయత్నం చేసేవాడిని. మీరు పెట్టడాన్ని మాత్రం తప్పుపట్టను.

రివర్‌లో పెట్టిన 500 సంగతి వేరు. మీరు ఓడిపోయారు కనుక అది తప్పు అనడం లేదు. ఆయన వదిలేసి ఉన్నా అది బలహీనమైన పందెమే. ఒక్కసారి ఆలోచించండి. ఆయన చేతిలో ఏముండి ఉంటుంది? జత ఉండి ఉండాలి, లేదా మీలాగే రాని ముక్క కోసం చూసి ఉండాలి. జత ఉంటే ఆయన వదలరు, ఆ స్వభావం రెండుసార్లు చూపించారు. రాని ముక్క కోసం చూసి ఉంటే మీ ఆసు ఆయనను ఎలాగూ ఓడిస్తుంది, మీరు చెక్ చేసినా పాట్ మీదే. అంటే మీ పందేనికి వదిలేసే చేతులను మీరు ఊరికే గెలుస్తున్నారు, మీరు ఓడిపోయే చేతులు మీ పందేనికి వదలవు. పైగా రెండు ఇస్పేట్లు మీ దగ్గరే ఉన్నాయి కనుక, ఇస్పేట్ల కోసం చూసి విఫలమై ఇప్పుడు వదిలేయగల చేతులు ఆయన దగ్గర ఉండే అవకాశం మరింత తగ్గింది.

జాన్ వాన్ న్యూమన్ అనే గణిత శాస్త్రవేత్త పోకర్‌ను చాలా సరళమైన రూపానికి కుదించి లెక్క కట్టాడు. 1928 నాటి ఆయన పరిశోధనతో మొదలై, ఆర్థికవేత్త ఆస్కర్ మోర్గన్‌స్టెర్న్‌తో కలిసి 1944లో వెలువరించిన కృషిలో, ఎదుటివారి ఎత్తును బట్టి మన ఎత్తును లెక్కగట్టే గేమ్ థియరీ ఒక శాస్త్రంగా నిలబడింది. ఆ లెక్కలో తేలిన ఒక సంగతి మీకు నేరుగా ఉపయోగపడుతుంది. పందెం పెట్టవలసింది అత్యుత్తమమైన చేతులతోనూ, అతి బలహీనమైన చేతులతోనూ. మధ్యస్థంగా ఉన్న చేతులతో చెక్ చేసి ముక్కలు తిప్పడం మేలు. ఆసు ఒక్కటే ఉన్న మీ చేయి ఆ రివర్‌లో మధ్యస్థమైనది. బ్లఫ్ చేయవలసి వస్తే ఐదు, ఆరు వంటి, ఇంకెలాగూ గెలవలేని చేతితో, అదీ వదలగలిగిన మనిషి మీద చేయాలి. "ఇక గెలిచే దారి ఇదొక్కటే" అని మీరు రాశారు. మీకు ఇంకో దారి ఉంది, దాన్ని మీరు గమనించలేదు.

బావగారిదీ స్నేహితుడిదీ ఎవరిది సరి అంటే, ఇద్దరూ తాము ఆడిన బల్లను చూసే మాట్లాడుతున్నారు. బెంగళూరులో మీరు ఆడింది మళ్లీ మళ్లీ అదే మనుషులతో. వారు మీ అలవాట్లు గుర్తుపెట్టుకుంటారు, బ్లఫ్ చేయని మనిషి పెంచగానే తప్పుకుంటారు. అక్కడ స్నేహితుడి మాట నిజం. ఇప్పుడు మీ బల్లకు వచ్చే కొత్త మనిషి మీ గత ఆట చూడలేదు, రేపు వస్తాడో రాడో తెలియదు. మిమ్మల్ని చదవడానికి ఆయన దగ్గర పాఠం లేదు. ఆయన కోసం మీ ఆటలో మంచి చేతులకూ బ్లఫ్‌లకూ మధ్య సమతూకం పాటించవలసిన అవసరం లేదు. అక్కడ బావగారి మాట ముప్పాతికవంతు నిజం.

మీ ముందున్న దారులు ఇవి. మొదటిది, కొత్త మనిషి కూర్చున్నప్పుడు, ఆయన ఒక పెద్ద పందేనికి వదిలేయడం కళ్లారా చూసేవరకు, ఖాళీ చేతితో ఆయన మీద పెట్టకపోవడం. మంచి చేయి వచ్చినప్పుడు మామూలుకంటే కాస్త ఎక్కువే పెట్టడం. దీనివల్ల మీ రాత్రి కొంత చప్పగా సాగుతుంది, ఒకటి రెండు చిన్న పాట్లు అనవసరంగా వదులుకుంటారు. ప్రతిగా, వదలని మనుషులు మీ మంచి చేతులకు పూర్తిగా చెల్లిస్తారు. వాళ్లలో గమనించే మనిషి ఎవరైనా ఉంటే మీరు ముక్క పడితేనే ఆడతారని అనుకుంటారు, రాత్రి చివర్లో మీరు చేసే ఒక్క బ్లఫ్‌కు అది బలం. మీ స్థితిలో నేను మొగ్గేది ఇటే.

రెండోది, పూర్తి బ్లఫ్ మానేసి, ఇస్పేట్ల ఆటలో ఫ్లాప్ మీద చేసినట్టు, ముక్క వచ్చే ఆశ ఉన్నప్పుడు మాత్రమే పెట్టడం. ఇందులో సరదా ఉంది, అన్యాయమైన నష్టం లేదు. కానీ దీనికి రివర్‌లో ముక్క రానప్పుడు ఆగగల నిగ్రహం కావాలి. ఇప్పటికే పెట్టేశాం కదా అని చివరి పందెం కూడా పెట్టేసే అలవాటు మీ ఉత్తరంలో కనిపించింది కనుక, ఈ దారి ఎంచుకుంటే మిమ్మల్ని మీరు జాగ్రత్తగా చూసుకోవాలి.

మూడోది, ఒక్క మనిషే ఎదురుగా ఉన్నప్పుడు, ఆయన తర్వాత మీరు ఆడే స్థానంలో ఉన్నప్పుడు, ఫ్లాప్ మీదనే చిన్నగా పెట్టడం. ముందు పెంచింది మీరే అయి ఉండాలి. జత కాని రెండు ముక్కలు పట్టుకున్న మనిషికి ఫ్లాప్‌లో జత కూడా పడకపోవడం మూడింట రెండుసార్లు జరుగుతుంది. రాజు, ఏడు, రెండు వేర్వేరు రంగుల్లో పడినచోట పాట్‌లో సగం పెడితే, మూడింట ఒకసారి వదిలేసినా మీకు గిట్టుతుంది. కొత్తవారిమీద కూడా ఇది తరచుగా పనిచేస్తుంది. కాల్ చేశారా, అక్కడితో ఆగండి. తొమ్మిది, ఎనిమిది, ఏడు వంటివి పడినప్పుడు దీన్ని వాడకండి, అక్కడ అందరికీ ఏదో ఒకటి తగిలి ఉంటుంది. నాలుగోది, అసలు ఎప్పుడూ బ్లఫ్ చేయకపోవడం. కొత్తవారి దగ్గర దీనివల్ల పెద్దగా పోయేదేమీ లేదు. మీ పాత నలుగురి దగ్గర మాత్రం నెలలో మీ ఆట తెలిసిపోయి, మీ మంచి చేతికి ఎవరూ చెల్లించరు.

మర్యాద సంగతికి వస్తాను. బ్లఫ్ అబద్ధం కాదు, మోసం కాదు అని నేను నమ్ముతున్నాను. ఆ హక్కు బల్లచుట్టూ ఉన్న అందరికీ సమానంగా ఉంది, అందరికీ తెలిసే ఉంది. కష్టం ఆ "తెలిసే" అన్న మాట దగ్గరే. ఉపాధ్యాయుడికి మీరు నిబంధనలు నేర్పినప్పుడు, చేతిలో ఏమీ లేకుండా పందెం పెట్టడం ఈ ఆటలో మామూలని చెప్పారా? చెప్పి ఉండకపోతే ఆయనకు నొప్పి కలగడం సహజం. నిజానికి రమ్మీలో కూడా ఎదుటివాడి నుంచి ఒక ముక్క రాబట్టడానికి దానికి జోడైన ముక్కను ఎరగా పారేయడం ఉంది. ఆయనకు ఆ ఉదాహరణ చెప్పి ఉంటే వెంటనే అర్థమయ్యేది. ఇకనుంచి కొత్తవారు ఎవరు కూర్చున్నా మొదటి ముక్క పంచకముందే ఇంటాయన ఈ మాట చెప్పే ఏర్పాటు చేయండి. దానివల్ల వాళ్లు మీ పందేలను అనుమానించి ఇంకా ఎక్కువ కాల్ చేయవచ్చు. చేయనివ్వండి, అది మీరు ఇవ్వవలసిన సమాచారమే.

ముక్కలు తిప్పి చూపించడం మాత్రం మానండి. ఆయన వదిలేశాక మీ ముక్కలు చూపించవలసిన అవసరం ఆటలో ఎక్కడా లేదు. చూపించడం వల్ల బల్లమీద ఉన్న అందరికీ మీ ఆట రహస్యం ఉచితంగా ఇచ్చారు. అంతకంటే ముఖ్యంగా, ఆలోచించి తీసుకున్న ఒక నిర్ణయానికి వయసులో పెద్దాయనను పదిమందిలో చిన్నబుచ్చారు. ఆయన రాకపోవడానికి కారణం పోయిన ఆ చిన్న పాట్ అయి ఉండదు. మీరు కోరుకుంటే ఫోన్ చేసి, "మాస్టారూ, ఆ రోజు ముక్కలు చూపించడం నా పొరపాటు, మీరు వదిలేయడం సరైన ఆటే" అని చెప్పవచ్చు. అది నిజం కూడా. ఆయన రావచ్చు, రాకపోవచ్చు. చెప్పకపోయినా ప్రపంచం మునిగిపోదు గానీ, మీ ఉత్తరంలో ఆ మాట మూడుసార్లు వచ్చింది కనుక చెప్పడమే మీ మనసుకు నయమని తోస్తోంది.

అపరిచితులు వస్తున్నారన్న సంగతికి చట్టం వైపు నుంచి కూడా అర్థం ఉంది. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం 1974 నాటిది, పేకాట ఇళ్ల మీద పోలీసులు కేసులు పెట్టేది దానికిందే. హైదరాబాద్ వైపు ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీని ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆటగా గుర్తిస్తూ, మూడు ముక్కలాటను కేవలం అదృష్టం ఆటగా వేరుచేసింది. పోకర్ విషయంలో హైకోర్టులు ఒకే దారిలో లేవు, గుజరాత్ హైకోర్టు 2017లో దాన్ని జూదమనే అంది. ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను 2025లో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది, అటు వెళ్లే ఆలోచన అసలు పెట్టుకోవద్దు. నలుగురు స్నేహితుల బల్ల ఒకటి, ఎవరు తీసుకొచ్చారో తెలియని మనుషులు డబ్బుతో కూర్చునే బల్ల మరొకటి. ఇంటాయన, మీరు కలిసి ఒక న్యాయవాదిని అడిగి, దీన్ని ఇలాగే కొనసాగించాలా అన్నది తేల్చుకోండి. ఇంటాయన ఆటకు ఇంత అని కోత తీసుకునే పద్ధతి ఉంటే అది ఈరోజే ఆపించండి.

డబ్బు తీసేసి ఉత్త చిప్స్‌తో ఆడే దారి కూడా ఉంది. అది అన్నింటికంటే నిశ్చింతైనది. అయితే పోగొట్టుకునేది ఏమీ లేనప్పుడు ఎవరూ వదలరు, బ్లఫ్ అన్నదే ఆటలోంచి పోతుంది. దానికి ఒక ఉపాయం ఏమంటే, నెలలో జరిగిన ఆటలన్నింటికీ చిప్స్ లెక్క రాసుకుని చివరన మిగిలిన వరుసను బట్టి ఎవరు భోజనం పెట్టాలో నిర్ణయించుకోవడం. అప్పుడు ప్రతి చిప్‌కు కాస్త విలువ వచ్చి, మనుషులు మళ్లీ ఆలోచించడం మొదలుపెడతారు. మీ పాత నలుగురితో ఇది బాగా నడుస్తుంది, అప్పుడప్పుడు వచ్చే అతిథులతో నడవదు.

కందుకూరు రైతు మళ్లీ వస్తే ఆయన మీద పగ తీర్చుకునే ఆట ఆడకండి. ఆయన ఎలా ఆడతారో ఆయనే చెప్పారు కనుక మీకు ఆయన ఇక తెలియని మనిషి కాదు. చేతిలో ఆసుల జతో రాజుల జతో పడి, బల్లమీద భయపెట్టే ముక్కలు లేనప్పుడు, ఫ్లాప్, టర్న్, రివర్ మూడింటిలోనూ తడబడకుండా పెట్టండి, ఏడుల జతతో ఆయన మూడింటికీ చెల్లిస్తారు. ఎప్పుడూ కాల్ మాత్రమే చేసే ఆయన ఒకరోజు ఉన్నట్టుండి మీ పందెం మీద పెంచారనుకోండి, మీ రాజుల జతను మారు మాట్లాడకుండా పడేయండి.